ఊరు మారే ముందు



గడచిన మూడు నెలలుగా మా ఇంట్లో ఇషా నమాజు తర్వాత ఒకటే చర్చ. సికింద్రాబాదు వదలి కర్నూలు వెళ్ళాలా, వద్దా? ఈ శీర్షికలో ఇంతకాలం ఇతరుల ఇళ్ళలోని చిక్కులను గురించి ధైర్యంగా సలహాలు చెబుతూ వచ్చాము. మా ఇంటి గడపలోకే చిక్కు వచ్చి నిలబడినప్పుడు ఎంత తడబడ్డామో కూడా చెప్పుకోవడం న్యాయమనిపించింది.

వారాసిగూడలో మేము పంతొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు పాతది. యజమాని కాలం చేశారు. ఆయన పిల్లలు దానిని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టించదలచారు. మే నెలాఖరుకు ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పారు. వారి ఆస్తి, వారి ఇష్టం. మేము వెంటనే ఇళ్ళ వేటలో పడ్డాము. అదే గల్లీలో అదే కొలతల ఇంటికి ఇప్పుడు చెబుతున్న అద్దె, మేము ఇస్తున్న దానికి దాదాపు రెట్టింపు. కాస్త దూరపు కాలనీలలో విచారిస్తే ఇల్లు చూపించేవరకు బాగానే ఉంటుంది. పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్ళకు మాట ఇచ్చేశామండీ" అంటారు. ఈ వాక్యాన్ని ఒకే ఆదివారం మూడు ఇళ్ళలో విన్నాము. ఫ్లాటు కొనుక్కోమని సలహా ఇచ్చిన మిత్రులున్నారు. కొనాలంటే ఇరవై ఏళ్ళ బ్యాంకు రుణం, దానిపై వడ్డీ. ఆ దారి మాకు మూసి ఉన్న దారి. ఇక మా తాహతుకు తగ్గ ఇళ్ళు కనిపించినవి పహాడీ షరీఫ్ వైపు శివార్లలో. అక్కడి నుండి రాణీగంజ్‌లో మేము లెక్కలు రాసే పంపుసెట్ల దుకాణానికి రావాలంటే బస్సులు మారుతూ రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే గడపాలి.

ఇక్కడే మాకు మొదటిసారి ఒక విషయం తట్టింది. "ఉండిపోదామా, వెళ్ళిపోదామా" అని మేము అడుగుతున్న ప్రశ్నే తప్పు. ఉండిపోవడానికి ఆ గల్లీ మాకోసం మిగలడం లేదు. పహాడీ షరీఫ్ వెళ్ళినా మా తల్లిగారికి ఇరుగుపొరుగు పోతుంది, పిల్లలకు బడి మారుతుంది, మాకు శుక్రవారం సలాం చెప్పే ముఖాలు మారుతాయి. చిరునామాలో మాత్రం హైదరాబాదు అని ఉంటుంది. నగరం పేరును అట్టిపెట్టుకోవడానికి ఇంత ఖర్చా?

నిజానికి సికింద్రాబాదు వచ్చి స్థిరపడినవారి ఊరు. ఇంగ్లీషు సైన్యం విడిది చేసిన చోటికి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. 1874లో వాడి నుండి రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఇది కేంద్రమైంది. సైన్యం వెంట, రైలు వెంట తమిళులు, మరాఠీలు, పార్సీలు, కోస్తావారు, సీమవారు వచ్చారు. మా నాన్నగారు డోన్ జంక్షన్ దగ్గరి పల్లె నుండి 1969లో లాలాగూడ వర్క్‌షాపులో ఉద్యోగానికి వచ్చారు. మేము ఇక్కడే పుట్టాము గనుక ఇది మా సొంత ఊరని అనుకుంటాము. ఒక్క తరం వెనక్కి వెళితే మేమూ మూటాముల్లెతో ప్లాట్‌ఫారం మీద దిగినవాళ్ళమే.

కర్నూలు కథ దీనికి తిరగేసి రాసినట్లుంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, గుడారాలలో సైతం కార్యాలయాలు నడిపిన ఊరు అది. మూడేళ్ళకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఫైళ్ళతో పాటు గుమాస్తాలు, వారి కుటుంబాలు కదిలాయి. ఆనాటి నుండి అక్కడివారి చూపు హైదరాబాదు వైపే. ఆ దారిలో ఎదురు నడుద్దామంటే మా బంధువులలో సగం మంది, మాకు వ్యాపారంలో నష్టం వచ్చిందేమోనని చాటున ఆరా తీశారు. పెద్ద ఊరి నుండి చిన్న ఊరికి వెళ్ళడాన్ని ఓటమిగా చూసే అలవాటు మనలో ఎంత లోతుగా నాటుకుందో!

కర్నూలు మా శ్రీమతి పుట్టినిల్లు. మా బావమరిదికి అక్కడ మోటారు వైండింగు షాపు ఉంది. డోన్, పత్తికొండ వైపు మెట్టపొలాల నుండి కాలిపోయిన బోరు మోటార్లు అతని దగ్గరకు వస్తాయి. "దూలాభాయ్, రిపేరు నేను చేస్తాను, కొత్త పంపులు అమ్మడం మీకు తెలుసు. రాణీగంజ్‌లో ఎవరు ఏ ధరకు ఇస్తారో మీకు తెలిసినట్లు ఇక్కడ ఎవరికీ తెలియదు. సగం సగం" అన్నాడు. ఇల్లు కూడా తన ఇంటి పక్కనే చూశాడు. మేము ఇప్పుడిస్తున్న అద్దెలో సగానికే.

అతని మాట వెనుక ఒక పాత లెక్క ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తినప్పుడు అతని ఇల్లు మేడ మెట్ల వరకు మునిగింది. ఐదుగురూ కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చి ఇరవై రెండు రోజులు ఉన్నారు. రెండు గదులలో తొమ్మిది మందిమి. ఆ రోజులను మేము మరచిపోయాము, అతను మరువలేదు. అలాగని చిన్న ఊరంటే నిశ్చింత అని భ్రమపడవద్దని కూడా ఆ వరదే చెబుతోంది. అందుకే అతను చూసిన ఇల్లు నదికి ఎంత దూరమో, నేల ఎంత ఎత్తో మేము ముందుగా అడిగాము. అతను నవ్వాడు గాని, జవాబు సరిగానే చెప్పాడు.

అయినా సగం వాటా తీసుకోవడానికి మనసొప్పలేదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వృత్తాంతం గుర్తుకు వచ్చింది. మక్కా నుండి వట్టి చేతులతో మదీనా చేరిన ఆయనను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి)కి సోదరునిగా జతచేశారు. సాద్ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కుటుంబానికి, సంపదకు శుభం కోరి, బజారు ఎటువైపో చూపించమని మాత్రం అడిగారు. ఆ రోజు బజారుకు వెళ్ళి కొంత నెయ్యి, జున్ను సంపాదించుకుని తిరిగి వచ్చారు. స్వశక్తికి ఉదాహరణగా ఈ వృత్తాంతాన్ని మనం ఎన్నో ప్రసంగాలలో విన్నాము, మేమూ రాశాము. ఈసారి మాత్రం మా చూపు సాద్ (రజి) మీద నిలిచింది. బజారు దారి అడగాలంటే, ఆ ఊళ్ళో అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా! పహాడీ షరీఫ్‌లో మాకు ఆ మనిషి లేడు. కర్నూలులో ఉన్నాడు. బావమరిదితో మాట్లాడి, వాటా ప్రసక్తి ఒక ఏడాది పక్కన పెట్టించాము. ఆ ఏడాది మేము అమ్మిన పంపుల మీద కమీషను తీసుకుంటాము. కాగితం మీద రాసుకుని ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాము. దగ్గరి బంధువుల మధ్య కాగితమెందుకని కొందరు నొచ్చుకున్నారు. అప్పుల విషయంలో రాసుకోమని దివ్య ఖురాన్ బంధువులను మినహాయించకుండానే ఆదేశించింది. భాగస్వామ్యానికీ అదే పద్ధతి మంచిదని మా నమ్మకం.

డబ్బు లెక్క ఇలా తేలిపోయింది. అసలు చిక్కు మా అమ్మాయి చదువు దగ్గర వచ్చింది. ఆమె ఈ ఏడు ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. డాక్టరు కావాలని కోరిక. "రెండు మూడేళ్ళు పోనీ, తొందరేముంది" అని మేము వాయిదా వేయబోతే, ఆ పిల్ల తన ఉపాధ్యాయురాలిని అడిగి తెలుసుకుని వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ళపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ ఏడాది తెచ్చిన నిబంధన ప్రకారం తెలంగాణలో వైద్య విద్యకు స్థానికులుగా లెక్కకు రావాలంటే తొమ్మిది నుండి ఇంటర్ రెండో సంవత్సరం వరకు నాలుగేళ్ళూ ఇక్కడే చదవాలి. ఆంధ్రలోనూ ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువే స్థానికతకు ప్రధానమైన కొలత. స్థానికుల వాటా 85 శాతం సీట్లు. "వెళితే ఈ జూన్‌లో వెళ్ళాలి అబ్బా, లేకపోతే నా ఇంటర్ అయ్యేదాకా ఆగాలి. తొమ్మిది ఇక్కడ, పది అక్కడ చదివితే నేను ఏ ఊరి పిల్లనూ కాను" అంది.

పిల్లల చదువు కోసం ఊరు మారదలచిన పాఠకులు, ముఖ్యంగా రెండు రాష్ట్రాల సరిహద్దు దాటేవారు, ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలని మనవి. ఇంటి అద్దె, బడి ఫీజు అందరూ విచారిస్తారు; పిల్ల ఏ తరగతిలో ఉండగా సరిహద్దు దాటుతుందో విచారించేవారు తక్కువ. మేము విచారించలేదు, పద్నాలుగేళ్ళ పిల్ల విచారించింది.

ఇక మిగిలింది మా తల్లిగారు. ఈ మూడు నెలలూ ఎవరు అడిగినా "అమ్మీ ఒప్పుకోరు" అని చెబుతూ వచ్చాము. అందుకు కారణాలు కూడా సిద్ధంగా ఉంచుకున్నాము. ఆమెకు డెబ్బై దాటాయి. రైల్వే కుటుంబ పెన్షను ఏ ఊరి బ్యాంకులోనైనా తీసుకోవచ్చు గాని, లాలాగూడ రైల్వే ఆసుపత్రి వంటిది కావాలంటే కర్నూలు నుండి డోన్ దాటి గుంతకల్లు వెళ్ళాలి. కర్నూలులో పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రి ఉన్నది నిజమే, కానీ ఆమెకు అలవాటైన వైద్యులు ఇక్కడున్నారు. మా నాన్నగారి సమాధి ఇక్కడి ఖబ్రస్తాన్‌లో ఉంది. పిట్టగోడ మీదుగా పంతొమ్మిదేళ్ళుగా గోంగూర, కరివేపాకు, కబుర్లు ఇచ్చిపుచ్చుకున్న పక్కింటి అమ్మగారున్నారు. ఇన్ని కారణాలు చెప్పిన మేము, ఒక్కసారైనా ఆమెను అడగలేదు. ఆ మాట మా శ్రీమతి ఒక రాత్రి తేల్చి చెప్పింది: "మీరు వెళ్ళలేక అత్తయ్యగారిని అడ్డు పెట్టుకుంటున్నారు."

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని ఈ శీర్షికలోనే ఎన్నిసార్లు రాశామో లెక్క లేదు. మర్నాడు ఫజ్ర్ తర్వాత వెళ్ళి అడిగాము.

ఆమె తస్బీహ్ పక్కన పెట్టారు. "1974లో నన్ను పెళ్ళి చేసి రైలెక్కించినప్పుడు ఎవరూ అడగలేదు బేటా. లాలాగూడ క్వార్టర్‌లో రెండేళ్ళు ఏడ్చాను. ఇప్పుడు కూడా మీరు గదిలో తలుపేసుకుని మాట్లాడుకుంటుంటే, మళ్ళీ మూటలా తీసుకెళతారు కాబోలు అనుకున్నాను. ఇన్నాళ్ళకు అడిగావు" అన్నారు. కాసేపాగి, "పోదాం. డోన్‌లో మా చెల్లెలు ఇంకా బతికే ఉంది" అన్నారు. నాన్నగారి సమాధి సంగతి మేమే ఎత్తాము. "దుఆకు బస్సు టికెట్టు కావాలా? నువ్వు సరుకు కోసం ఎలాగూ రాణీగంజ్ వస్తుంటావు, అప్పుడు వెళ్ళి సలాం చెప్పు" అన్నారు. ఒక్క షరతు పెట్టారు. తనకు వెనక గది ఇవ్వకూడదు. వీధి వైపు గది కావాలి, వచ్చేపోయే మనుషులు కనబడాలి.

అప్పుడు మాకు దాక్కోవడానికి చోటు మిగలలేదు. వెళ్ళలేనిది మేమే. శుక్రవారం మూడో వరుసలో మేము నిలబడే స్థలం, మోండా మార్కెట్‌లో బేరమాడకుండానే ధర తగ్గించే కూరగాయలామె, రాణీగంజ్‌లో సాయంత్రం టీ దగ్గర పోగయ్యే నలుగురు. నలభై ఏడేళ్ళ వయసులో కొత్త ఊళ్ళో "మీరెవరి తాలూకు" అనిపించుకోవడానికి సిగ్గు. దీనిని తల్లి పేరు మీద దాచిపెట్టినందుకు ఇంకా సిగ్గు.

ఇస్తిఖారా చేశామా అని మిత్రులు అడుగుతున్నారు. చేశాము. కల ఏమైనా వచ్చిందా అని కూడా అడుగుతున్నారు. రాలేదు. కల రావాలన్న షరతు ఇస్తిఖారాలో లేదు. రెండు రకాతులు చదివి, మేలు ఉంటే సులభం చేయమని, కీడు ఉంటే తప్పించమని, దాని మీద మనసు స్థిరపరచమని వేడుకుని, మన చేతనైన పని మనం చేసుకుంటూ పోవడమే. మేము బడికి వెళ్ళి టి.సి. కోసం దరఖాస్తు ఇచ్చాము. దుకాణం యజమానికి చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, కర్నూలులో తన సరుకు అమ్మితే నెల రోజుల అరువు ఇస్తానన్నారు. నాలుగో తరగతి చదివే మా అబ్బాయికి మాత్రం కర్నూలులో క్రికెట్ ఆడుకునే మైదానం ఇంటికి ఎంత దూరమో ఎవరూ సరిగా చెప్పలేకపోతున్నారు. వాడు ఇంకా సమ్మతి తెలుపలేదు.

పక్కింటి అమ్మగారు సంగతి తెలిసిన రోజున మాతో మాట్లాడలేదు. మూడో రోజున కుండీలో కరివేపాకు మొక్క ఒకటి నాటి పిట్టగోడ మీద పెట్టి వెళ్ళారు. మే చివరి వారంలో సామాను లారీ వస్తుంది. నాన్నగారు వర్క్‌షాపు రోజుల్లో చేయించుకున్న ఇనుప పెట్టె కొత్త ఇంటి తలుపులో నుండి పడుతుందో లేదో బావమరిది ఈ రోజు కొలిచి చెబుతానన్నాడు.