యాత్రికుల రూపాయిలో తిరుపతి ఊరి వంతు ఎంత?

తిరుపతి: కొండ మీది హుండీ లెక్క పత్రికలో పడిన రోజున ఈ ఊళ్లో టీ దుకాణాల వద్ద దాని మీద చర్చ జరగక మానదు. ఆ చర్చ చివరకు ఎప్పుడూ ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది. అంత డబ్బు వస్తున్నది గదా, ఊరికి ఏమి ఒరగబెడుతున్నారు అని. అడగదగిన ప్రశ్నే. కాని అడగవలసిన వారినందరినీ అడుగుతున్నారా అన్నదే సందేహం.

దేవస్థానం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1933లో పాలన మహంతుల చేతి నుంచి కమిటీ చేతికి మారిన తరువాత, యాత్రికులు సమర్పించిన కానుకలతో ఈ ఊరి ముఖమే మారిపోయింది. 1943లో అనాథ బాలల కోసం బాలమందిరం ఏర్పడింది. 1945లో వేంకటేశ్వర కళాశాల, 1952లో పద్మావతీ మహిళా కళాశాల వచ్చాయి. 1954లో విశ్వవిద్యాలయం వెలసింది. బధిరుల పాఠశాల, అక్కారంపల్లె దగ్గర కుష్ఠురోగుల ఆస్పత్రి, దిక్కులేని వారి కోసం పూర్ హోం - ఇవన్నీ ఆ సొమ్ముతో నడుస్తున్నవే. ఎముకల జబ్బులకు, పోలియో బాధితులకు శస్త్రచికిత్స చేసే బర్డ్ ఆస్పత్రి 1985లో వచ్చింది. 1993లో స్విమ్స్ ప్రారంభమైంది. చిన్నపిల్లల గుండె జబ్బులకు ప్రత్యేకంగా హృదయాలయం 2021లో తెరిచారు. కడప నుంచో, అనంతపురం నుంచో బిడ్డను భుజాన వేసుకుని వచ్చిన తల్లికి ఈ ఆస్పత్రుల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

అన్నదానం సంగతి వేరే చెప్పాలి. 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి రామారావు నిత్యాన్నదానాన్ని ప్రారంభించినప్పుడు రోజుకు రెండు వేల మందికి భోజనం పెట్టేవారు. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరిట కట్టిన భవనంలో ఒక్కో పంక్తికి నాలుగు వేల మంది కూర్చుంటారు. దాతలు ఇచ్చిన డబ్బును బ్యాంకులో వేసి, దాని మీద వచ్చే వడ్డీతో ఖర్చు గడుపుకోవడం ఆ పథకం పద్ధతి. ఒక రోజంతా తన పేర అన్నప్రసాదం పెట్టించదలచిన దాత 44 లక్షల రూపాయలు ఇవ్వాలి. అంత ఇవ్వలేని వారు తోచినంత ఇస్తారు. కూరగాయల వ్యాపారులు, రైతులు పొరుగు రాష్ట్రాల నుంచి సైతం లారీల మీద కూరగాయలు ఉచితంగా పంపుతుంటారు. ఊరికి సంబంధం లేనివారు, పేరు కూడా అడగనివారు చేస్తున్న దానం ఇది.

చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. హుండీలో రూపాయి వేసినవాడు తిరుపతివాడు కాడు. మహారాష్ట్ర నుంచి, తమిళనాడు నుంచి, తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి వచ్చి ముడుపు చెల్లించుకున్నవాడు. అతని కానుకతో నడిచే ఆస్పత్రిలో, అన్నదానంలో పై ఊరివాళ్లు ఎక్కువగా ఉండడం సబబే. అతడు స్వామికి ఇచ్చాడు గాని, తిరుపతి మురుగు కాల్వలకు ఇవ్వలేదు. ఈ మాట ఊళ్లో చాలామందికి రుచించదు. అయినా అనక తప్పదు.

2023 అక్టోబరులో దేవస్థానం పాలకమండలి తన బడ్జెట్టులో ఒక శాతాన్ని తిరుపతి అభివృద్ధికి కేటాయించాలని తీర్మానించింది. 2025-26 బడ్జెట్టు 5,258 కోట్లు గనుక, ఆ లెక్కన నేడు ఒక శాతం అంటే 52 కోట్లకు పైమాటే. భక్తుల కానుకలను మునిసిపల్ పనులకు ఎలా ఖర్చు చేస్తారని వెంటనే అభ్యంతరాలు లేచాయి. ప్రభుత్వం తీర్మానాన్ని ఆమోదించలేదు. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయిందని ఊళ్లో కొందరు నొచ్చుకున్నారు. అయితే యాత్రికులకు కూడా పనికివచ్చే పనులకు దేవస్థానం వెనుకాడిందేమీ లేదు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు వంతెన ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దేవస్థానమే భరించింది.

ఇక అడగవలసిన రెండవ వారి సంగతి. రోజుకు 60 నుంచి 80 వేల మంది కొండకు వస్తున్నారు. వారు హుండీలో వేసేది ఒక ఎత్తు. కొండ ఎక్కేలోగా, దిగిన తరువాత ఊళ్లో ఖర్చు పెట్టేది మరొక ఎత్తు. గది అద్దె, టిఫిను, టాక్సీ, కాణిపాకం, శ్రీకాళహస్తి ప్రయాణం, ఇంట్లో పిల్లలకు కొయ్యబొమ్మలు - ఇదంతా లాడ్జీలకు, హోటళ్లకు, ట్రావెల్సు వారికి, దుకాణాలకు చేరే సొమ్ము. ఇందులో తప్పేమీ లేదు. 2011 లెక్కల ప్రకారమే దాదాపు 2.9 లక్షల జనాభా గల ఈ పట్టణం చాలావరకు దాని మీదనే బతుకుతున్నది. హుండీ రూపాయి బాలమందిరంగా, ఆస్పత్రిగా కళ్లకు కనబడుతున్నది. గల్లాపెట్టెలో పడిన రూపాయి ఊరికి ఏ రూపంలో తిరిగి వస్తున్నదో మాత్రం కనబడదు. పన్నుల మాట అటుంచితే, దానికి ఒక పద్ధతి గాని, ఒక సంస్థ గాని లేదు.

అది లేని లోటు 2020లో తెలిసింది. మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాటేదాకా, సుమారు ఎనభై రోజులు, కొండకు యాత్రికులను రానివ్వలేదు. రైల్వే స్టేషను ఎదుట వీధి, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు చీకటి పడిపోయాయి. యజమానులకు నష్టం వచ్చిన మాట నిజం. అంతకన్న ముందు పస్తు పడినవారు గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, పూలు అమ్ముకునేవాళ్లు, దినబాడుగకు టాక్సీ నడిపేవాళ్లు. వారికి చీటీ రాసి ఇచ్చే కార్యాలయం లేదు, కష్టకాలానికని దాచిన నిధి లేదు. దేవస్థానం వంటశాలల నుంచి పొట్లాలు వచ్చాయి. స్వచ్ఛంద సంస్థలు వీధుల్లో తిరిగి అన్నం పెట్టాయి. కొందరు యజమానులు తమ పనివారిని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు కూడా. అది వారి మంచితనమే గాని ఏర్పాటు కాదు. పక్క లాడ్జీలో పనిచేసేవాడికి ఆ మంచితనం అందలేదు.

వర్తకుల వాదన కూడా వినవలసినదే. జీఎస్టీ కడుతున్నామంటారు. మునిసిపల్ పన్ను, కరెంటు బిల్లు, గదులు బుక్ చేసే కంపెనీలకు కమిషను పోగా మిగిలేది తక్కువంటారు. శ్రీనివాసం, విష్ణునివాసం వంటి వసతి గృహాల్లో దేవస్థానమే తక్కువ అద్దెకు గదులిస్తూ ఉంటే తమతో పోటీ పెట్టుకున్నట్లున్నదని మరొక ఫిర్యాదు. చివరిది నిలిచే వాదన కాదు. ఆ గదుల కోసం, దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో చోటు దొరకనివారే గదా వీరి గడప తొక్కేది. మిగిలిన వాటిలో నిజం ఉన్నది. అయినా కొత్త పన్ను వేయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు.

లెక్క చూస్తే సంగతి సులభంగా తెలుస్తుంది. వచ్చే యాత్రికులు రోజుకు 60 వేలే అనుకుని, అందులో సగం మంది మాత్రమే ఊళ్లో ఏదో ఒక ఖర్చు చేస్తారని తగ్గించి వేసుకున్నా, తలకు ఒక్క రూపాయి చొప్పున పక్కన పెడితే ఏడాదికి కోటి రూపాయలు దాటుతుంది. కాఫీ ధర మీద కూడా కనపడని మొత్తం అది. లాడ్జీ యజమానులు, హోటళ్లవారు, ట్రావెల్సువారు తమ సంఘాల ద్వారా దీనిని వసూలు చేసి ఒక ట్రస్టులో వేయవచ్చు. అందులో కలెక్టరు, మునిసిపల్ కమిషనరు ఉండవచ్చు. పనివారి తరఫున ఇద్దరు మనుషులు తప్పక ఉండాలి. లేకపోతే అది మరొక సన్మాన సంఘం అయి కూర్చుంటుంది. ఏ నెల ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది ప్రతి లాడ్జీ కౌంటరు దగ్గర అతికించాలి. ఒకరోజు అన్నదానం చేసిన దాత పేరును బోర్డు మీద రాసే పద్ధతి కొండ మీద ఉన్నది గదా, కింద మాత్రం ఎందుకు సాగదు?

ఖర్చుకు తావులు వెతుక్కోనక్కరలేదు. అలిపిరి దగ్గర బడి వేళల్లో నామాల గిన్నె పట్టుకుని యాత్రికుల వెంటపడే పిల్లలున్నారు. కొండ కింద జీవకోన వంటి పేటల్లో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరుకు, వంటమనిషికి జ్వరం వస్తే సాయంత్రం పూట చూసే డాక్టరు కావాలి. స్విమ్స్ ఎంత పెద్దదైనా జలుబుకు, దగ్గుకు అక్కడికి వెళ్లి ఒక రోజు కూలి పోగొట్టుకోలేరు. పని చేయలేని వయసు వచ్చిన రూం బాయ్‌కి - అరవై ఏళ్లు వచ్చినా అతన్ని బాయ్ అనే పిలుస్తారు - నెలకు ఇంత అని ఇచ్చేవారెవరూ లేరు.

అన్నిటికన్న ముందు చేయదగినది శిశు సంరక్షణ కేంద్రం. బస్టాండు పరిసరాల్లోని లాడ్జీల్లో గదులు ఊడ్చి, పక్కబట్టలు మార్చే ఆడవాళ్లు తెల్లవారకముందే పనికి వస్తారు. ఆ వేళకు అంగన్‌వాడీ తెరవరు. దూరపు పేటల నుంచి వచ్చేవారు చంటిబిడ్డను పక్కింటి ముసలమ్మకు అప్పగించి రావాలి, లేదా వెంట తెచ్చుకుని మెట్ల కింద పడుకోబెట్టాలి. ఆ కేంద్రానికి కావలసినది రెండు గదులు, ఇద్దరు ఆయాలు, పాల ఖర్చు. పరీక్షల రోజుల్లో యాత్రికులు తగ్గినప్పుడు ఆ వీధిలో తాళం వేసి ఉండే గదులు రెండు కన్న ఎక్కువే ఉంటాయి.