జింకకు దారి, రైతుకు దన్ను

ఈ సంచిక మీ చేతికి అందేసరికి అమెరికా రోడ్ల మీద జింకల కాలం మొదలై ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అందులోనూ నవంబర్‌లో, కార్లకు జింకలు అడ్డంపడే ప్రమాదాలు బాగా పెరుగుతాయి. వైట్‌టెయిల్ జింకలకు అది ఎదకాలం. పొద్దువాలే వేళ, తెల్లవారుజామున జాగ్రత్తగా నడపండి. ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉందనే అనుకోండి. బ్రేకు వేయండి కానీ స్టీరింగ్ పక్కకు తిప్పకండి. ఇది ఏటా చెప్పే మాటే. ఈసారి దీంతో పాటు కర్నూలు జిల్లా గోనెగండ్ల మాట కూడా చెప్పుకోవాలి. అక్కడ జింక అడ్డంపడుతున్నది కారుకు కాదు, రైతు బతుక్కి.

మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వైట్‌టెయిల్ జింకల తిరుగుడును గమనించారు. పుట్టిన తొలి వారాల్లో పిల్ల గడ్డిలో ముడుచుకుని పడుకుంటుంది, తల్లే వచ్చి పాలిచ్చి పోతుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో మగపిల్లల్లో చాలావాటికి పుట్టిన చోటు వదలక తప్పదు. మైళ్ల దూరం పోయి కొత్త నెలవు వెతుక్కుంటాయి. ఆడపిల్లలు ఎక్కువగా తల్లి చుట్టుపక్కలే ఉండిపోతాయి. వయసు ముదిరిన మగది చాలావరకు తన నెలవులోనే తిరుగుతూ, ఎదకాలంలో మాత్రం ఒకటి రెండు రోజులు ఎల్ల దాటి పోయి వస్తుంది. టెక్సాస్‌లో ఇవి యాభై లక్షలకు పైగానే ఉన్నాయి. ఎక్కడ ఎన్నింటిని వేటాడనివ్వాలో అక్కడి ప్రభుత్వం ఇలాంటి లెక్కలు చూసుకునే తేలుస్తుంది.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో కనబడేది కృష్ణ జింక. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే జైలే. చూపు, పరుగు, ఈ రెండే దానికి రక్ష. అందుకే దట్టమైన అడవి దానికి పడదు, కనుచూపు మేర అడ్డంలేని మైదానం కావాలి. ఆదోని, ఆస్పరి, ఆలూరు వైపు అలాంటి మైదానం చాలామటుకు ఎన్నడో సేద్యంలోకి వచ్చింది. ఇక జింక ఉండేదీ తినేదీ రైతు పొలంలోనే.

దాని ఏడాది రైతు ఏడాదిని పట్టుకునే నడుస్తుంది. జూన్, జులైలో వానపడి పత్తి, బుడ్డలు, కంది మొలవగానే మందలు చేలల్లోకి దిగుతాయి. రెండాకుల మొక్కను మొదలంటా కొరికితే అది మళ్లీ లేవదు. తెల్లారి రైతు పోయి చూస్తే సాలుకు సాలు ఖాళీ. విత్తనం మళ్లీ కొనాలి, మళ్లీ పదును కోసం ఎదురుచూడాలి. పత్తి నడుమెత్తు, కంది తలెత్తు పెరిగాక ఆ చేలోకి పోవడానికి జింక వెనకాడుతుంది, ఎదుట ఏముందో కనబడదు కాబట్టి. అప్పుడు బీళ్లకు, గుట్టల కింది బయళ్లకు మళ్లుతుంది. అక్టోబర్, నవంబర్‌లో నల్లరేగడిలో శనగ మొలిచేసరికి తిరిగి వస్తుంది. ఎండాకాలంలో కుంటలో, వంకలో నీళ్లెక్కడుంటే దాని దారి అటే.

వయసు లెక్క ఇంకొకటి ఉంది. ఏడాది దాటిన మగపిల్లను పెద్ద మగజింక ఆడమంద దగ్గర నిలవనివ్వదు. అలా వెళ్లగొట్టినవన్నీ కలిసి మగమందగా తిరుగుతాయి. మూడేళ్లు వచ్చేసరికి ఒళ్లు నల్లబడి, కొమ్ములు మెలితిరిగి, సొంత జాగా కోసం పోట్లాటకు దిగుతాయి. గెలిచినది ఒకేచోట పెంటికలు కుప్పవేస్తూ, కంటి దగ్గరి గ్రంథి నుంచి కారే జిగురును పుల్లలకు రాస్తూ హద్దులు పెట్టుకుంటుంది. ఓడినది మళ్లీ మగమందలోకో, ఒంటరిగానో పోతుంది. డబ్బా కొట్టినా, టపాసు కాల్చినా జాగా పట్టిన మగజింక ఒక చుట్టు తిరిగి అక్కడికే వస్తుంది. మగమంద పక్క ఊరి చేలో పడుతుంది. చేను చుట్టూ పాత చీరలు కట్టినా అంతే. తరిమినందువల్ల నష్టం తగ్గదు, నష్టపోయే మనిషి మారతాడు.

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడులో 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. గడ్డి పెరిగింది, కాపలా వచ్చింది, కృష్ణ జింకలు పెరిగాయి. అవి చుట్టుపక్కల పైర్లు మేస్తుంటే రైతుకు జింక మీదే కాదు, అభయారణ్యం మీదే కోపం వచ్చింది. జంతువును కాపాడి రైతును గాలికి వదిలేస్తే చివరికి ఇద్దరూ నష్టపోతారు. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టర్‌తో అదిలించి, గరాటులాంటి దడిలోకి మళ్లించి ఎనిమిది వందలకు పైగా కృష్ణ జింకలను పట్టి అభయారణ్యాలకు తరలించారు. మన దగ్గరా ఆ పని చేయవచ్చు. కానీ ఏ మంద ఏ నెలలో ఎక్కడుంటుందో తెలియకుండా దిగితే డబ్బు దండగ. వైట్‌టెయిల్‌కు కట్టిన పట్టీలు ఆదోని జింకకూ కట్టాలి. ఇదే కృష్ణ జింకను 1932లో టెక్సాస్‌కు తెచ్చి రాంచ్‌లలో వదిలారు, అక్కడ దాని వేటకు కాలనియమం కూడా లేదు. మన నేల మీద దాన్ని చంపకుండా కాపాడుకుంటున్నాం, మంచిదే. ఆ కాపాడే ఖర్చంతా ఐదెకరాల రైతు ఒక్కడి నెత్తినే పడటం న్యాయం కాదు.

ఇందులో మన వాటా కూడా ఉంది. అమెరికాలో ఉంటున్న మనలో చాలామందికి ఊళ్లో పొలాలున్నాయి, వాటిలో ఎన్నో బీళ్లు. పగలు ఆ బీట్లో సేదదీరిన మంద రాత్రికి పక్క చేలో మేస్తుంది. ఆ చేను పోగొట్టుకున్న కుటుంబమే దీపావళి దాటాక మూటాముల్లె కట్టుకుని సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతుంది, గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు కట్టడం పనులకో.

అడవి జంతువులు చేసే పంటనష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేర్చుతున్నట్టు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రమే ప్రకటించాలి. నష్టాన్ని 72 గంటల్లోపు పంటల బీమా యాప్‌లో ఫొటోలతో తెలపాలి. చేలో నిలబడి ఫోనుతో కుస్తీపట్టే రైతుకు ఆ గడువు చాలా తక్కువ.

కాబట్టి సభ్యులకు మూడు విన్నపాలు. ఒకటి, పడమటి కర్నూలు మండలాలనూ కృష్ణ జింకనూ ఆ జాబితాలో చేర్చమని మీ ఎమ్మెల్యేకు, కలెక్టరుకు ఉత్తరం రాయండి. రెండు, ఊళ్లో నాయనకో చిన్నాయనకో ఫోన్ చేసినప్పుడు ఆ యాప్ వాడటం నేర్పండి. కుదరకపోతే ఫొటోలు తెప్పించుకుని మీరే పూర్తిచేయండి. మూడు, మీ పొలం బీడుగా ఉంటే పక్క రైతుతో మాట్లాడి కాపలా ఖర్చులో మీ పాలు పంపండి. ఈ మూడింటిలో ఒక్కటైనా సంక్రాంతిలోపు చేయండి. చేశాక మాకు రాయండి, వచ్చే సంచికలో అచ్చువేస్తాం.