ఎందుకని?
సిమెంటు అతకని బాట

పిల్లలూ! బస్టాండుల్లోనూ, పెట్రోలు బంకుల్లోనూ, కాలిబాటల మీదా కాంక్రీటు బిళ్ళలు పరచి ఉండటం మీరు చూసే ఉంటారు. గోడలో ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంటు పెడతారు గదా? ఈ బిళ్ళల మధ్య సిమెంటు ఉండదు. ఉండేదల్లా ఇసుకే! అయినా పెద్ద లారీ ఎక్కినా అవి చెదరవు. ఎందుకని?

ఒక చిన్న పరీక్ష చేయండి. ఒకే సైజు పుస్తకాలు పది, బల్ల మీద పక్కపక్కగా వరసన నిలబెట్టండి. రెండు చివరలా అరచేతులు ఆనించి, గట్టిగా అదిమి పైకెత్తండి. మధ్య పుస్తకాలను ఎవరూ పట్టుకోకపోయినా వరస అంతా లేస్తుంది. ఇప్పుడు ఒక చేయి వదులు చేయండి. పుస్తకాలన్నీ దబదబా పడిపోతాయి!

బిళ్ళల బాట సంగతి కూడా ఇలాటిదే. బిళ్ళల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంచుతారు. అందులో సన్నని పొడి ఇసుక పోసి, అదిరే యంత్రంతో దట్టిస్తారు. చక్రం ఒక బిళ్ళను నొక్కగానే, సందులోని ఇసుక రాపిడి వల్ల పక్క బిళ్ళలు కూడా ఆ బరువును పంచుకుంటాయి. పుస్తకాలకు అరచేతుల్లాగా బాటకు రెండు వైపులా అంచురాళ్ళుంటాయి. అవి బిళ్ళలను పక్కకు జరగనివ్వవు.

బండి బ్రేకు వేసినప్పుడు చక్రం బిళ్ళలను ముందుకు తోస్తుంది. అందుకే బండ్లు నడిచేచోట బిళ్ళలను చేపముల్లు ఆకారంలో, ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డం వచ్చేటట్టు పరుస్తారు. కాలిబాటకు 6 సెంటీమీటర్ల మందం బిళ్ళ చాలు. బండ్లకు 8, ఇంకా బరువైతే 10 కావాలి. బిళ్ళల కింద పలచని ఇసుక పొర, దాని కింద దట్టించిన కంకర ఉంటాయి. కంకర కుంగితే ఎంత మందం బిళ్ళ అయినా కుంగవలసిందే.

నెదర్లాండ్స్‌లో పూర్వం నుంచీ వీథులకు ఇటుకలు పరిచేవారు. 1940 మే నెలలో బాంబులు పడి రాటర్‌డామ్ నగరం నడిబొడ్డు నేలమట్టమయింది. యుద్ధం ముగిశాక ఇళ్ళు కట్టటానికే ఇటుకలు చాలలేదు. అప్పుడు వీథులకు కాంక్రీటు బిళ్ళలు వాడసాగారు. అక్కడి నేల మెత్తన. కుంగినచోట బిళ్ళలు తీసి, కింద సరిచేసి, మళ్ళీ అవే పరచవచ్చు!

మీ వీథిలో అంచురాయి ఒకటి ఊడిందనుకోండి. బిళ్ళలు పక్కకు జరుగుతాయి, సందులు పెద్దవవుతాయి, వానకు ఇసుక కొట్టుకుపోతుంది. ఆ తరవాత గుంట, గుంటలో సైకిలు! కనక సందుల్లో ఇసుకను పుల్లతో గీకకండి. ఊడిన అంచురాయి కనిపిస్తే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి. ఆ ఒక్క రాయీ నిలబెడితే బాటంతా నిలుస్తుంది.