గ్రూప్ నుంచి తీసేసిన గూఢచారి

పోయిన ఆదివారం బస్సులో ‘గూఢచారి’ మళ్లీ చూశాను. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోతూ కొంత, తిరిగి వస్తూ కొంత, మిగతాది ఇంటికొచ్చి మంచం మీద. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఇంకో చెవి కండక్టర్ కోసం. కిటికీ బయట మర్రిచెట్లు, ఫోన్ లోపల అడివి శేష్. చేవెళ్లకు ఎందుకు పోయానో చివర్లో చెప్తాను. ముందు సినిమా ముచ్చట.

2018 ఆగస్టు 3న వచ్చింది ఈ సినిమా. శశికిరణ్ తిక్కకు డైరెక్టర్‌గా మొదటిది. కథ అడివి శేష్ రాసుకున్నదే. పేరు మాత్రం పాతది. 1966లో సూపర్‌స్టార్ కృష్ణ చేసిన ‘గూఢచారి 116’కి ఇది సలాం. ఆ సినిమా హిట్టయ్యాకే కృష్ణకి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పేరొచ్చింది. హిందీలో జితేంద్ర ‘ఫర్జ్’ దానికి రీమేకే. మీ తాతయ్యని అడిగి చూడండి, పక్కన కూర్చోబెట్టుకుని గంట చెప్తాడు.

తాతల కాలం గూఢచారికి, మన కాలం గూఢచారికి ఒక తేడా ఉంది. కృష్ణ పోరాటం శత్రువుల మీద. అడివి శేష్ అయితే సొంత మనుషుల నుంచి తప్పించుకుని పరిగెత్తాలి. ఎందుకంటే సొంత మనుషులే వాడ్ని ద్రోహి అనుకుంటారు.

ఇక్కడి నుంచి కొంచెం కథ చెప్పాలి, చూడనివాళ్లు ఒక పేరా వదిలేయండి. ఏజెంట్‌గా చనిపోయిన తండ్రి పేరు నిలబెట్టాలని చిన్నప్పటి నుంచి కలగన్న కుర్రాడు గోపి. వాడ్ని సత్య (ప్రకాష్ రాజ్) వేరే పేరుతో, అర్జున్‌గా, పెంచుతాడు. ఎన్నిసార్లు అప్లై చేసినా రాని పిలుపు చివరికి వస్తుంది. త్రినేత్ర అనే రహస్య సంస్థలో ట్రైనింగ్ పూర్తవుతుంది. ఏజెంట్ అయ్యాను అని సంతోషపడే టైమ్‌కి సంస్థ పెద్దల్ని ఎవరో చంపేస్తారు, ఆధారాలన్నీ గోపీ వైపే చూపిస్తాయి. నిన్నటి దాకా పక్కన నిలబడ్డవాళ్లు ఈ రోజు తుపాకీ గురిపెడతారు. ప్రేమించిన అమ్మాయి కూడా కేవలం పక్కింటి అమ్మాయి కాదని తెలుస్తుంది. విలన్ ఎవరో మాత్రం నేను చెప్పను, ఆ షాక్ మీదే.

మొదటిసారి థియేటర్లో చూసినప్పుడు ఫైట్లకి విజిలేశాను. ఈసారి బస్సులో చూస్తుంటే ఇంకోటి అర్థమైంది. గోపి మంచోడని మనకెలా తెలుసు? కెమెరా మొదటి నుంచీ వాడితోనే ఉంది కాబట్టి. వాడు ఎక్కడ ఉన్నాడో, ఏం చేశాడో మనం చూశాం. త్రినేత్రలో వాళ్లు చూడలేదు. నదియా ఖురేషీ (1996లో ‘అక్కడమ్మాయి ఇక్కడబ్బాయి’ చేసిన సుప్రియ, మళ్లీ ఇందులోనే కనిపించింది) వైపు నుంచి ఒక్క నిమిషం ఆలోచించండి. శవాలున్నాయి, ఆధారాలున్నాయి, కుర్రాడు పారిపోయాడు. ఆమె స్థానంలో మీరున్నా అదే చేస్తారు. నేనైతే కచ్చితంగా చేస్తాను. చేశాను కూడా. ఆ సంగతికి వస్తా.

తుపాకులు పెంచితే స్పై సినిమా నిలబడదు. 2023 ఏప్రిల్‌లో అఖిల్ ‘ఏజెంట్’ వచ్చింది. మమ్ముట్టి ఉన్నారు, సురేందర్ రెడ్డి డైరెక్షన్, ఖర్చు కూడా గట్టిగానే పెట్టారు. ఆడలేదు. పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలుపెట్టడం తప్పేనని నిర్మాత తర్వాత బయటికే ఒప్పుకున్నారు. చాలా తక్కువ డబ్బుతో తీసిన ‘గూఢచారి’ నిలబడింది. దానిలో ప్రతి సీన్ ఒకే ప్రశ్న అడుగుతుంది: ఇప్పుడు ఎవర్ని నమ్మాలి?

ఈ ప్రశ్న రచయితలు కల్పించింది కాదు, నిజం గూఢచారుల బతుకే అది.

డబుల్ ఏజెంట్ అంటే ఒకరికి పనిచేస్తున్నట్టు నటిస్తూ అవతలివాళ్లకి పనిచేసేవాడు. అందరికంటే పెద్ద ఉదాహరణ రెండో ప్రపంచ యుద్ధంలో హువాన్ పుజోల్ గార్సియా అనే స్పెయిన్ మనిషి. బ్రిటిష్‌వాళ్లు ‘గార్బో’ అని పిలిచేవాళ్లు. జర్మనీకి గూఢచారిగా చేరి, నిజానికి బ్రిటన్‌కి పనిచేశాడు. తన కింద 27 మంది ఏజెంట్లున్నారని జర్మన్లని నమ్మించాడు. ఒక్కడూ లేడు, అందరూ ఉత్త పేర్లే. 1944లో మిత్రదేశాల సైన్యం నార్మండీలో దిగితే, అసలు దాడి ఇది కాదు, ఇంకోచోట వస్తుందని జర్మన్లకి చెప్పాడు. వాళ్లు నమ్మారు. జర్మనీ ఐరన్ క్రాస్ ఇచ్చింది, బ్రిటన్ కూడా బిరుదు ఇచ్చింది. ఒకే పనికి రెండు వైపులా మెడల్స్! మా ఊరి లెక్కలో చెప్పాలంటే రెండు టీమ్‌ల నుంచీ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్.

ఇది నవ్వుకునే కథ. రెండోదానికి నవ్వు రాదు.

కిమ్ ఫిల్బీ బ్రిటిష్ గూఢచార సంస్థలో పెద్ద అధికారి. లోపల మాత్రం సోవియట్ మనిషి. 1963లో మాస్కో పారిపోయాడు. అమెరికా సీఐఏలో ద్రోహుల్ని పట్టుకునే విభాగం పెద్ద జేమ్స్ ఆంగిల్టన్‌కి ఫిల్బీ చాలా ఏళ్లుగా దోస్తు. కలిసి భోజనం చేసినవాడు. వాడే ద్రోహి అని తేలాక ఆంగిల్టన్‌కి ఎవరి మీదా నమ్మకం మిగల్లేదు. సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1964లో, యూరి నొసెంకో అనే సోవియట్ కేజీబీ అధికారి అమెరికా శరణు కోరి వచ్చాడు. వీడు నిజంగా వచ్చాడా, మనల్ని తప్పుదోవ పట్టించడానికి పంపించారా అని అనుమానం. మూడేళ్లకు పైగా అతన్ని కేసు లేకుండా, కోర్టు లేకుండా, ఒంటరిగా బంధించారు. చివరికి సీఐఏ ఏం తేల్చింది? అతను నిజమైనవాడే అని. పరిహారమిచ్చి సలహాదారుగా పెట్టుకున్నారు.

చూశారా వరస? ఫిల్బీ చేసిన ద్రోహానికి శిక్ష నొసెంకోకి పడింది. నిన్న మోసపోయినవాడు ఈ రోజు అమాయకుణ్ణి పట్టుకుంటాడు.

మూడోది మన దేశంలోదే. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్. ఆయన ఏజెంటే కాదు, రాకెట్ ఇంజన్లు చేసే మనిషి. రహస్యాలు అమ్మాడని 1994 నవంబర్ 30న అరెస్టు చేశారు. 50 రోజులు జైల్లో ఉన్నారు. 1996లోనే సీబీఐ ఆ ఆరోపణలు అబద్ధమని చెప్పింది. సుప్రీంకోర్టు ఆయనకి 50 లక్షల పరిహారం ఇవ్వమని చెప్పింది ఎప్పుడో తెలుసా? 2018 సెప్టెంబర్ 14. మనం థియేటర్లో గోపీకి విజిలేసి నెలన్నర కూడా కాలేదు అప్పటికి. గోపి మీద మచ్చ రెండున్నర గంటల్లో పోయింది. నంబి నారాయణన్‌కి దాదాపు 24 ఏళ్లు పట్టింది. మాధవన్ తీసిన ‘రాకెట్రీ’ (2022) చూడకపోతే చూడండి. అందులో అనుమానం ఆయన ఒక్కడితో ఆగదు, ఇంట్లోవాళ్ల మీద కూడా పడుతుంది. అది ఏ ఫైట్ సీన్‌లోనూ కనపడదు.

ఇప్పుడు మా ఊరి గూఢచారి.

మాది మొయినాబాద్ టీమ్. ప్రతి ఏడూ దసరా సెలవుల్లో చేవెళ్లోళ్లతో క్రికెట్ మ్యాచ్ ఉంటుంది. బంతికి బంతి పగ. ఒక ఏడాది మా బౌలర్ ఒకడు ఫైనల్ ముందర నిజంగానే అటు పోయి ఆడాడు. ఆ మంట మాకు ఏడాదంతా ఉంది. తర్వాతి ఏడు మా వికెట్ కీపర్... పేరెందుకు, కీపర్ అనే అందాం. వాడిల్లు మొయినాబాద్, అమ్మమ్మగారిది చేవెళ్ల. మ్యాచ్ ముందురోజు మేం గ్రూప్‌లో ప్లాన్ వేసుకున్నాం: వాళ్ల ఓపెనర్‌కి స్పిన్ రాదు, మొదటి ఓవరే స్పిన్నర్‌కి ఇద్దాం అని. పొద్దున చూస్తే ఆ ఓపెనర్ ఐదో నంబర్‌లో దిగాడు. ఓడిపోయాం.

సాయంత్రం ఎవడో అన్నాడు, “రాత్రి కీపర్‌గాడు చేవెళ్లలో వాళ్ల కెప్టెన్‌తోని మిర్చీ బజ్జీలు తింటుంటే చూసిన.” అంతే. ఇంకేం కావాలి?

“అరేయ్, నువ్వే చెప్పినవ్ గదా?”

“నేను గాదురా. అమ్మమ్మకు పానం బాలేకుంటే పోయిన. దుకాన్ కాడ వాడు కలిసిండు, అంతే.”

“గట్లనే కలుస్తరు.”

ఆ చివరి మాట నాదే. రాత్రి తొమ్మిదింటికి వాడ్ని గ్రూప్ నుంచి తీసేసిన వేలు కూడా నాదే. గ్రూప్ అడ్మిన్ని కదా, పెద్ద ఆంగిల్టన్‌ని.

రెండు నెలల తర్వాత అసలు సంగతి బయటపడింది. మా వైపే ఒక బ్యాట్స్‌మన్, ఉత్సాహం ఆగక, మా ప్లాన్ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి “రేపు చూడుర్రి” అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. వాడి కాంటాక్టుల్లో చేవెళ్లోళ్లు సగం మంది. ద్రోహీ లేడు, డబుల్ ఏజెంటూ లేడు. ఒక స్టేటస్, అంతే.

కీపర్‌ని మళ్లీ గ్రూప్‌లో యాడ్ చేశాను. “సారీ మామా” అని మూడు దండాల ఎమోజీలు పెట్టాను. వాడు చూశాడు, ఏం అనలేదు, తనే బయటికి వెళ్లిపోయాడు. తర్వాతి దసరాకి చేవెళ్ల వైపు ఆడాడు. అంటే వాడు చేయని పనిని, మేమే చేసేలా చేశాం.

సినిమాలో గోపి నిర్దోషి అని తేలగానే మ్యూజిక్ వస్తుంది, శ్రీచరణ్ పాకాల గట్టిగా వాయిస్తాడు, మనం లేచి నిలబడతాం. బయట అట్లా రాదు. అనుమానపడ్డవాడే మొహం పెట్టుకుని వెళ్లి చెప్పాలి, ఎమోజీలతో కాదు.

అందుకే పోయిన ఆదివారం చేవెళ్ల పోయాను. వాళ్ల అమ్మమ్మ ఇంటికి. వాడు గేటు దగ్గరే నిలబెట్టి “ఏంది?” అన్నాడు. రాసుకొచ్చుకున్న డైలాగులన్నీ మర్చిపోయాను. “తప్పు నాదిరా. నిన్ను అడిగిన గని, నువ్వు చెప్పింది ఇనలే” అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “చాయ్ తాగుతవా?” అన్నాడు. తాగాను. అమ్మమ్మ “ఎవరు బిడ్డా?” అనడిగితే “మొయినాబాదోడు” అన్నాడు. దోస్తు అనలేదు. అనాలని నేనూ ఆశపడలేదు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం, “దసరాకి చూస్కుందాం” అని నవ్వాడు. అటు వైపు నుంచో, ఇటు వైపు నుంచో చెప్పలేదు.

ఈ వీకెండ్ ‘గూఢచారి’ చూస్తే, ఒక పని చేయండి. గోపి వైపు నుంచి కాకుండా వాడి మీద తుపాకీ పెట్టినవాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్లకి తెలిసిందేంటి, ఊహించిందేంటి అని లెక్కేయండి. తర్వాత మీ ఫోన్ తీసి, మీరు ఎవర్నైనా ఏ గ్రూప్ నుంచైనా తీసేశారేమో గుర్తు చేసుకోండి.

వచ్చే వారం ఇంకో సినిమా ముచ్చటతో కలుద్దాం. అప్పటిదాకా స్టేటస్ పెట్టే ముందు ఒకసారి చూసుకోండి బాస్.