వాడ బాటకు దీపమెప్పుడు?

హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. పైన సోలారు పలకల కప్పు, రాత్రి తొక్కేవాళ్లకు దీపాలు. వెలగనివ్వండి, మాకు ఏడుపు లేదు. చీకట్లో బాట ఎవరికైనా ప్రమాదమే.

కానీ మనకు సైకిలు సరదా కాదు, కూటి బండి. రాత్రి డ్యూటీ దిగే వాచ్‌మన్ తమ్ముడూ, తెల్లారకముందే చీపురు పట్టే అక్కా ఏ వెలుగులో పోతున్నారు? ఎన్నో ఊళ్లలో దీపాల స్తంభాలు పెద్దకులాల వీధి దాటి వాడ మొదట్లోనే ఆగిపోతాయి. పాము కరిచినా, లారీ గుద్దినా మనల్నే.

వీధిదీపం పంచాయతీ పని. సబ్‌ప్లాన్ చట్టం 2013లోనే సాధించుకున్నాం. తెలంగాణలో 2017లో అది ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమయింది. ఆ డబ్బు లెక్క గ్రామసభలో అడగండి. దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. మొదటి దీపం పనికిపోయే సైకిలుకే!

జై భీం!