నత్త నిద్రలో ఉన్నప్పుడే మనం మేలుకోవాలి

రోహిణి కార్తె ఎండకు ఇసుక నేల కాలిపోతుంటే తోటలో ఒక్క నత్త కూడా కనిపించదు. పీడ విరగడైందనుకుంటాం. మృగశిరలో నాలుగు వానలు పడి, కొత్తగా నాటిన బొప్పాయి మొక్కలు, కూరగాయల నారు తెల్లారేసరికి మొదలంటా కొరికేసి ఉంటే, అప్పుడు మందుల షాపుకు పరుగెత్తుతాం. ఈ తంతు మారాలి.

నత్త చావలేదు, దాక్కుంది. మన తోటల్ని తినే రాకాసి నత్త తూర్పు ఆఫ్రికా తీరం నుంచి వచ్చింది. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి వదలడంతో మన దేశంలో దీని బెడద మొదలైంది. దాని ఒంట్లో తడి ఆరితే బతకదు. అందుకే రాత్రిపూట తిరుగుతుంది. ఎండలు ముదిరితే మట్టిలోకో, రాళ్ల సందుల్లోకో, చెత్త కుప్పల కిందికో చేరి, గుల్లలోకి ముడుచుకుని, మూతికి జిగురుతో పొర కట్టుకుంటుంది. తిండీ నీరూ లేకుండా నెలల తరబడి అలాగే ఉంటుంది. వాన తగలగానే లేచి తిని, విడతకు వందకు పైగా గుడ్లు పెడుతుంది.

దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో గోధుమ రైతులకూ నత్తల బాధ ఉంది. అక్కడి తెల్ల నత్తలు కాలే నేలను వదిలి మోళ్ల మీదికి, కంచె గుంజల మీదికి ఎక్కి వేసవి గడుపుతాయి. రైతులు 35 డిగ్రీలు దాటిన రోజు చూసి, పొలంలో గొలుసులు, రోలర్లు లాగి వాటిని కింద పడేస్తారు. మిగతా పని వేడి నేల చేస్తుంది. అంటే నత్త తట్టుకునే వేసవినే వాళ్లు ఆయుధం చేసుకున్నారు.

మన నత్త మట్టిలో, నీడలో దాక్కుంటుంది కనుక మనం చేత్తో ఏరాల్సిందే. తొలకరికి ముందే గట్ల మీది చెత్త, కొబ్బరి మట్టల కుప్పలు తిరగేసి ఏరి, డ్రమ్ములో ఉప్పునీళ్లలో వేసి చంపి పూడ్చాలి. చేతికి తొడుగు తప్పనిసరి. మెదడు పొరలకు జబ్బు తెచ్చే నులిపురుగు నత్తల్లో ఉండొచ్చు. చేలో మాత్రం ఉప్పు చల్లొద్దు, నేల చెడుతుంది. మెటాల్డిహైడ్ ఎర వాడితే కుక్కలు, పశువులు అటు పోకుండా చూసుకోవాలి.

అయితే ఒక్క రైతు తన తోట శుభ్రం చేసుకుంటే సరిపోదు. కాలువ గట్టు, రోడ్డు పక్క పోరంబోకు, పక్కనున్న బీడు నుంచి మళ్లీ వస్తాయి. ఆ గట్టు రైతుది కాదు, ప్రభుత్వానిది. అక్కడ పెరిగిన నత్తకు కౌలు రైతు ఎందుకు కూలి కట్టాలి? పంట లేని వేసవిలో ఖర్చెందుకని అధికారులు అనవచ్చు. కానీ తక్కువ ఖర్చుతో పని అయ్యేది అప్పుడే.

అందుకే మనం అడిగేది మూడే. ఊరంతా ఒకే వారంలో నత్తలు ఏరే పనిని మే నెలలో పంచాయతీ పెట్టాలి. ప్రభుత్వ స్థలాల్లో ఏరే కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. నత్త తిన్న పంటను కౌలు రైతు పేరుతో సహా నష్టంగా నమోదు చేయాలి. ఈ మూడింటి మీద ప్రతి గ్రామ కమిటీ ఏప్రిల్‌లోనే తీర్మానం చేసి ఉద్యానశాఖ కార్యాలయంలో ఇవ్వాలి. వానలు పడ్డాక ఇచ్చే అర్జీ నత్తకే మేలు చేస్తుంది.