గోడలు చూసొస్తే ఊరు చూసినట్టేనా?

యూరప్ టూర్ ప్యాకేజీల కరపత్రం ఎప్పుడైనా చదివారా? పది రోజులు, ఆరు దేశాలు. అందులో ఫ్రాన్స్ వాటా రెండు రోజులు. ఐఫిల్ టవర్, సెన్ నది మీద పడవ, టైమ్ మిగిలితే రంగురంగుల ఇళ్ళున్న ఏదో పాత ఊళ్ళో ఒక గంట "ఫొటో స్టాప్". నా గొడవంతా ఈ "ఫొటో స్టాప్" అనే మాటతోనే. నాలుగైదు వందల ఏళ్ళ ఊరిని గంటలో ముగించెయ్యొచ్చని అనుకోవడం దగ్గరే మనం సగం ఊరు పోగొట్టుకుంటున్నాం అని నా అభిప్రాయం.

ముందే చెప్పేస్తున్నా, నేను ఫ్రాన్స్ వెళ్ళలేదు. మా పెద్దమ్మ కూతురు లియోన్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఆదివారాలు తను వీధుల్లో నడుస్తూ వీడియో కాల్ చేస్తుంది. నేను హాస్టల్ మంచం మీద కూర్చుని చూస్తాను, తర్వాత ఆ వీధుల గురించి దొరికిందల్లా చదువుతాను. "వెళ్ళకుండానే అభిప్రాయమా?" అని మీరు అడగొచ్చు. కానీ మన సీనియర్లలో కొందరు ఇప్పటికే అటు చదువుకి వెళ్ళారు, రేపు మనలో కొందరం వెళ్తాం. దిగాక ఎలా చూడాలో ఇప్పుడే మాట్లాడుకుంటే నష్టమేముంది?

అల్సాస్ ప్రాంతంలోని కొల్మార్‌తో మొదలుపెడతాను. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు: కాలవ పక్కన చెక్క దూలాలు బయటికి కనిపించే ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు. ఆ ఊరు ఎంత ఫేమస్ అంటే, మలేసియాలో ఒక కొండ మీద "కొల్మార్ ట్రోపికాల్" అని దాని పోలికతో ఒక రిసార్టే కట్టేశారు. అవే రంగులు, అవే వాలు కప్పులు. ఫొటో ఒక్కటే కావాలంటే మలేసియా మనకి దగ్గర కూడా.

మరి కాపీలో లేనిది అసలు కొల్మార్‌లో ఏముంది? అక్కడ తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళ పేట అని ఒకటుంది. ఆ ఇళ్ళు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. ఎందుకంటే తడి తోళ్ళని పైన గాలి ఆడే అటకల్లో ఆరేసేవారు. నీటి పక్కనే ఎందుకున్నాయంటే తోళ్ళు కడగడానికి నీళ్ళు కావాలి. ఇవాళ మనం "అబ్బ, ఎంత క్యూట్‌గా ఉందో" అనే వీధి ఒకప్పుడు ముక్కు మూసుకుని నడిచే వీధి అయ్యుంటుంది. ఇది తెలిశాక ఆ ఇంటి వైపు చూస్తే, దాని ఎత్తు పని కోసం వచ్చిందని కళ్ళకి కడుతుంది. కాపీలో ఎత్తు ఉంటుంది, కారణం ఉండదు.

లియోన్‌లో ఈ సంగతి ఇంకా గట్టిగా కనిపిస్తుంది, ముఖ్యంగా మన బ్రాంచి వాళ్ళకి. ఆ ఊరు పట్టుకి పేరు. క్రువా రూస్ అనే కొండ మీద పంతొమ్మిదో శతాబ్దంలో నేతవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళల్లో గది ఎత్తు దాదాపు నాలుగు మీటర్లు. పొడవాటి కిటికీలు. ఇవి గొప్పవాళ్ళ మేడలు కావు. జకార్డ్ మగ్గం అంత ఎత్తుండేది కాబట్టి కప్పు అంత ఎత్తు పెట్టారు, దారం కనపడాలి కాబట్టి కిటికీ అంత పెద్దది పెట్టారు. మనుషులు మాత్రం ఆ గదిలోనే ఒక పక్కన వేసిన అటక మీద పడుకునేవారు. మన ధర్మవరంలో మగ్గం కోసం ఇంట్లో గుంట తవ్వితే, అక్కడ మగ్గం కోసం ఇంటినే పైకి లేపారన్నమాట.

ఆ మగ్గం పనిచేసే పద్ధతి చదివినప్పుడు నాకు మొదటి సెమిస్టర్ గుర్తొచ్చింది. లియోన్ వాడే అయిన జోసెఫ్ మరీ జకార్డ్, తనకి ముందున్నవాళ్ళ ప్రయత్నాల మీద ఆధారపడి, 1804 ప్రాంతంలో ఆ యంత్రాన్ని ఒక దారికి తెచ్చాడు. చిల్లులున్న అట్టల దండ ఒకటి మగ్గం మీద తిరుగుతుంటుంది. చిల్లు ఉన్నచోట కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది, లేనిచోట దారం కిందే ఉంటుంది. ఒకటి, సున్నా. 1839లో ఆ జకార్డ్ బొమ్మనే లియోన్‌లో పట్టు మీద నేశారు, దానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. మనం మొదటి యూనిట్‌లో ఫొటో చూసి పేజీ తిప్పేసే చార్లెస్ బాబేజ్ అలాంటి బొమ్మ ఒకటి తెప్పించుకుని ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేవాడు. తను ఊహించిన అనలిటికల్ ఇంజిన్‌కి కూడా చిల్లుల అట్టలే అనుకున్నాడు.

అదే కొండ మీది నేతవాళ్ళు 1831లో తిరగబడ్డారు. యంత్రం వద్దని కాదు. నేతకి కనీస ధర కట్టాలని ఒప్పందం కుదిరింది, వ్యాపారుల్లో చాలామంది ఇవ్వమన్నారు, అందుకు. 1834లో మళ్ళీ తిరగబడ్డారు, సైన్యం అణిచేసింది. ఆ మెట్ల మీద నిలబడి సెల్ఫీ తీసుకోవడం తప్పని నేను అనను. కానీ ఇదేదీ తెలియకుండా తీసుకుంటే ఆ వెనకాల ఉన్నవి ఉత్త మెట్లే.

లియోన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ట్రబూల్‌లు. ఒక వీధిలో మామూలు ఇంటి తలుపు తోసి లోపలికి వెళ్తే, చీకటి నడవ, ఒక ముంగిలి, రాతి మెట్లు, ఇంకో నడవ... చివరికి వేరే వీధిలో తేలతాం. ఇలాంటివి ఊరు మొత్తమ్మీద వందల్లో ఉన్నాయి. పాత పేటలో ఒకటి సెయింట్ జాన్ వీధిలో 54వ నంబరు తలుపు దగ్గర మొదలై వెనకవైపు వీధిలో 27వ నంబరు దగ్గర తేలుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల కళ్ళు కప్పి తిరగడానికి ప్రతిఘటన ఉద్యమంవాళ్ళు ఈ దారుల్నే వాడుకున్నారు.

ఇవి మ్యూజియంలు కావు. ఆ మెట్ల పైన ఇవాళ్టికీ జనం కాపురాలున్నారు. మరి టూరిస్టులు ఎలా వెళ్తున్నారంటే, కొన్ని ఇళ్ళవాళ్ళకీ నగరపాలక సంస్థకీ మధ్య ఒప్పందం ఉంది. వాళ్ళు పగటిపూట తలుపు తెరిచి ఉంచుతారు, దానికి బదులు నిర్వహణ ఖర్చులో నగరం సాయం చేస్తుంది. వచ్చినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్ళిపోవాలి. ఒకసారి కాల్‌లో అక్క ట్రబూల్ లోపలికి వెళ్తుంటే నేను గట్టిగా "అక్కా, పైకి చూపించవే" అన్నాను. తను గొంతు తగ్గించి, "మెల్లగా రా, పైన ఎవరో పిల్లాణ్ణి పడుకోబెడుతున్నారు" అంది. ఫోన్‌లో ఒక క్షణం ఏమీ వినపడలేదు, పైనుంచి సన్నగా ఒక పాట తప్ప. నేను చూసిన ఫ్రాన్స్‌లో అది అన్నిటికంటే మంచి వ్యూ, అందులో కనిపించింది మాత్రం ఖాళీ గోడ.

పాత ఊరంటే నాకు అర్థమైనది అదే ఒప్పందం. ఉండేవాళ్ళు తలుపు తెరుస్తారు, వచ్చేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఈ రెండిట్లో ఏది పోయినా మిగిలేది సెట్టింగే.

ఇంకో విషయం. ఈ పాత పేటలు అదృష్టవశాత్తూ మిగిలిపోయాయని మనం అనుకుంటాం. కాదు. లియోన్ పాత పేటని ఒకప్పుడు మురికివాడ లెక్కన చూసేవారు. అప్పటి మేయర్ లూయీ ప్రాడెల్ దాని మధ్యలోంచి పెద్ద రోడ్డు వేద్దామనుకున్నారు. స్థానికులు సంఘం కట్టి అడ్డం పడ్డారు. అదే రోజుల్లో నవలా రచయిత ఆంద్రే మాల్రో ఫ్రాన్స్‌కి సాంస్కృతిక మంత్రి. ఆయన పేరుతో పిలిచే చట్టం 1962 ఆగస్టు 4న వచ్చింది. ఒక్క గుడినో కోటనో కాకుండా మొత్తం పేటని కాపాడే వీలు దాంతో వచ్చింది. 1964లో ఆ చట్టం కింద మొదట రక్షణ పొందింది లియోన్ పాత పేటే. 1998లో యునెస్కో జాబితాలో చేరింది. రచయితలు మంత్రులైతే ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మన క్లబ్ తరఫున ఈ జవాబు చెప్పొచ్చు.

కానీ గోడల్ని కాపాడితే మనుషుల్ని కాపాడినట్టు కాదు. పారిస్‌లోని మారే పేట దీనికి సాక్ష్యం. పదిహేడో శతాబ్దంలో అది ప్రభువుల పేట. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ మేడల ముంగిళ్ళలో చిన్న చిన్న పనిశాలలు, అద్దె గదులు వెలిశాయి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన పేద యూదులు అక్కడ స్థిరపడ్డారు. 1942లో వాళ్ళలో ఎంతోమందిని పట్టుకుని నాజీల శిబిరాలకి పంపేశారు. అక్కడి బడుల గోడల మీద ఆ పిల్లల జ్ఞాపకార్థం ఫలకాలున్నాయి. యుద్ధం తర్వాత మాల్రో చట్టం కింద పేటని బాగుచేశారు. మేడలు మళ్ళీ మెరిశాయి, వాటితో పాటు అద్దెలూ పెరిగాయి. ముంగిళ్ళలో పనిశాలలు చాలావరకు పోయాయి, పాత కాపురస్తులు చాలామంది వెళ్ళిపోయారు. ఇవాళ అక్కడ ఖరీదైన షాపులు. అందంగా లేదని కాదు. ఆ అందానికి ఎవరు ఖర్చు పెట్టుకున్నారో తెలుసుకుని చూడమంటున్నాను.

దక్షిణాన కార్కాసాన్ కోట చూడండి. రెండు వరసల గోడలు, 52 బురుజులు, అచ్చం వీడియో గేమ్‌లో కోటలాగే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో కూల్చేద్దామనుకున్న కోట అది. 1853 నుంచి వియలే ల డ్యూక్ అనే వాస్తుశిల్పి బాగుచేశాడు. బురుజుల మీద ఆయన పెట్టించిన కోసు పలకరాతి కప్పులు ఉత్తరాది పద్ధతివనీ, ఆ ప్రాంతంవి కావనీ అప్పట్నించీ విమర్శ ఉంది. ఇప్పుడు ఆ గోడల లోపల నివసించేది కొద్ది పదుల మందే. మిగతావన్నీ హోటళ్ళు, బొమ్మకత్తుల దుకాణాలు. అదే సమయంలో, పాత వంతెన దాటితే పదమూడో శతాబ్దంలో గళ్ళ కాగితంలా వేసిన కింది ఊరు ఉంది. బళ్ళు, బజారు, ఇళ్ళు, జనం అక్కడున్నారు. టూరిస్టుల్లో ఎక్కువమంది పైకి చూసి వెనక్కి తిరుగుతారు. నేనైతే వంతెన దాటతాను.

బ్రిటనీ తీరంలో సెయింట్ మాలో దీనికి రివర్స్. ప్రహరీ లోపలి ఊరు 1944 ఆగస్టులో బాంబులకి చాలావరకు నేలమట్టమైంది. తర్వాత పదేళ్ళకి పైగా కష్టపడి పాత రూపం వచ్చేలా గ్రానైట్ రాయితోనే మళ్ళీ కట్టుకున్నారు. వెళ్ళినవాళ్ళు అదంతా పాతదే అనుకుంటారు. కొందరు "అయితే అది ఫేక్ కదా" అంటారు. ఇల్లు పోయినవాళ్ళు మళ్ళీ ఇల్లు కట్టుకుంటే ఫేక్ ఎలా అవుతుంది? ఇప్పుడు ఆ ఊరికి వేరే భయం పట్టుకుంది. ఇళ్ళన్నీ టూరిస్టుల రోజువారీ అద్దెలకి పోతుంటే, ఉండేవాళ్ళకి గది దొరకదని. అందుకే 2021లో పేటల వారీగా అలాంటి అద్దె ఇళ్ళకి పరిమితి పెట్టారు. పారిస్‌లో కూడా 2025 నుంచి సొంతంగా ఉండే ఇంటిని టూరిస్టులకి ఏడాదికి 90 రోజులకి మించి ఇవ్వకూడదు.

"టూరిస్టులు లేకపోతే ఆ ఊళ్ళకి డబ్బెక్కడిది?" అని అడుగుతారని తెలుసు. నిజమే. టికెట్ డబ్బులతోనూ, చూడాలనే ఆశతోనూ ఆ రాళ్ళు నిలబడ్డాయి. నేను వెళ్ళొద్దనడం లేదు. "మనకి అంత లీవ్ ఎక్కడిది, అంత డబ్బెక్కడిది?" అనే ప్రశ్న కూడా న్యాయమైనదే. నా జవాబు: ఉన్న మూడు రోజుల్లో మూడు ఊళ్ళు కాకుండా ఒక్క ఊరు చూడండి. రైలు ఖర్చు కూడా తగ్గుతుంది. సెప్టెంబర్ మూడో వారాంతంలో వారసత్వ దినాలని 1984 నుంచి జరుపుతున్నారు. మామూలుగా మూసి ఉండే భవనాలు ఎన్నో ఆ రెండు రోజులు తెరుస్తారు, చాలాచోట్ల ఉచితం. స్టూడెంట్‌గా వెళ్ళేవాళ్ళు అది గుర్తు పెట్టుకోండి.

మన సంగతికొస్తే, ఫ్రెంచ్ పేట కోసం మనవాళ్ళు పాండిచ్చేరి వెళ్ళి పసుపు గోడల ముందు ఫొటోలు దిగొస్తారు. కాకినాడకి దగ్గర్లో, గోదావరి ఒడ్డున యానాం ఉంది. మాల్రో చట్టం వచ్చిన పన్నెండు రోజులకి, 1962 ఆగస్టు 16న, పాండిచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం చట్టప్రకారం భారతదేశానిదైంది. శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో అమలయ్యాక, అది వర్తించని ఫ్రెంచి యానాంకి తీసుకెళ్ళి బాల్యవివాహాలు చేసేవారట మన చుట్టుపక్కలవాళ్ళు. ఏ గోడ ఫొటోలో కనిపిస్తుంది ఇది? అక్కడి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, "తాతగారూ, అప్పుడెలా ఉండేదండీ?" అని అడిగితే తప్ప.

కాబట్టి రేపు లియోన్ వెళ్ళినా, యానాం వెళ్ళినా మూడు ప్రశ్నలు జేబులో వేసుకుని వెళ్ళండి. ఈ ఇల్లు ఈ ఆకారంలో ఎందుకుంది? దీన్ని కూలిపోకుండా ఎవరు ఆపారు? ఇప్పుడు ఇక్కడ ఎవరుంటున్నారు? మూడిటికీ జవాబు దొరికాక ఫొటో తీసుకోండి, మన గ్రూప్‌లో పెట్టండి. కింద రెండు లైన్లు తెలుగులో రాస్తే మరీ సంతోషం.